కొండ నెక్కిన దెవరు?

ఒక కార్యము నెఱవేఱిన తరువాత దానిని నెఱవేర్చినవా రెవరను ప్రశ్న మిక్కిలి సులభమైనదిగా గన్పట్టును. చెఱువు త్రవ్వినవాడు త్రవ్వినాడు, కొండ యెక్కినవా డెక్కినాడు, ఇందు విచారింపవలసిన దేమున్నదని యడుగవచ్చును. కాని లోకమున గీర్తియు, గూలియు, గౌరవమును బంచబడుట యంతయు నీ చిన్న ప్రశ్నకు మన మిచ్చు సమాధానముపై నాధారపడియున్నది. సమాధానము తప్పినచో బంపకమును దప్పును. కావున దీనిని గొంచెము నెమ్మదిగా విచారింప దలచితిమి. దృష్టాంతముగా దూరదేశపు కొండదారి నొకదానిని గైకొనుచున్నాము. మన యింటి సంగతి కంటికి మిక్కిలి దగ్గఱగా నుండుటచే మనకు గానరాదు. దూరపు వస్తువునందు జూచిన పిమ్మట నింటివైపు తిరిగితిమేని యది స్పష్టముగా గానవచ్చును.

దక్షిణామెరికా ఖండమునందలి పెరూ దేశమున, ఆండీసు పర్వతపంక్తుల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 2,430 మీటరుల యెత్తున మాచు పిచ్చు అను శిథిలనగర మొకటి కలదు. పదునైదవ శతాబ్దమున ఇంకా రాజైన పచకూతి దీనిని దన విడిదిగా గట్టించెనని పండితులు నిశ్చయించియున్నారు. అచ్చట దొరకిన యస్థులను బరీక్షించి 2021లో బ్రకటించిన ఫలితములనుబట్టి సుమారు 1420 మొదలుకొని 1530 వఱకు నా కొండపై జనులు నివసించినట్లు తెలియుచున్నది. స్పెయినుదేశస్థులు 1532లో వచ్చి ఇంకా రాజ్యమును గూలద్రోసిరి గాని, యీ నగరము వారి కంటబడినట్లు గానరాదు. కాలక్రమమున గప్పులు కూలినవి, అడవి క్రమ్ముకొన్నది, గోడలు మాత్రము నిలిచినవి. ఇనుప పనిముట్టు లేక, బండిచక్రము లేక, ఱాతితో ఱాతిని గొట్టి చెక్కి, సున్నము పెట్టకయే యొకదానితో నొకటి యతికించిన యా గోడలను భూకంపములు కూడ గదల్ప లేకపోయినవి. 1983లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించినది.

ఈ స్థలమును జేరుటకు రెండు విధములు గలవు. నదీలోయవెంట రైలుబండి పోవును. దానిని దిగినచోటినుండి చఱియపై మెలికలు దిరిగిన బాటమీద మోటారుబస్సు లెక్కును. ఆ బాట 1948లో దెఱవబడినది. చెమట పట్టకుండ బోయి చూచి రావలెనన్నను రావచ్చును. రెండవది కాలిదారి. అది ఇంకా ప్రభువుల కాలమున ఱాళ్ళు పఱచి మెట్లు కట్టిన దారి. కుస్కో నగరమునుండి నలుదిక్కులకు బోయిన సుమారు 30,000 కిలోమీటరుల పూర్వపు రాజమార్గములలో నొక చిన్న తునుక. నేడు యాత్రికులు నడుచునది 40 కిలోమీటరులకు గొంచెము మించును, నాలుగు దినములు పట్టును. దూరమునుబట్టి చూచిన నిది గొప్పది కాదు. మన పల్లెటూళ్ళ సంతలకు బోవువారు పూర్వ మొక్కదినముననే యంత నడిచినవారు కలరు. కష్ట మంతయు నెత్తునందున్నది.

రెండవదినమున యాత్రికు డొక కనుమను దాటవలెను. దానిని క్వెచువా భాషలో ‘వార్మి వాన్యుస్కా’ యందురు. చనిపోయిన స్త్రీ యని దాని కర్థము. దూరమునుండి చూచువారికి బర్వతరేఖ వెల్లకిల బరుండిన స్త్రీవలె గన్పట్టుటచే నా పేరు వచ్చినది. దాని యెత్తు 4,215 మీటరులు. మన తిరుమలకొండకు అలిపిరినుండి సుమారు 3,550 మెట్లున్నవి. మోకాళ్ళపర్వతమును జేరునప్పటికి దృఢకాయులు సయితము నిలిచి యూపిరి దీసికొందురు. ఆ తిరుమల యెత్తు వేయి మీటరులకు లోపలనే. ఈ కనుమ దానికి నాలుగు రెట్లకు బైగా నున్నది. అచ్చట నొక్కొక్క శ్వాసతో లోపలికి వచ్చు ప్రాణవాయువు సముద్రతీరమున వచ్చుదానిలో నైదింట మూడువంతులు మాత్రమే. తల తిరుగును, అన్నము సహింపదు, పది యడుగులు వేసిన వెంటనే గుండె చెవులలో గొట్టుకొనును. అది దాటిన తరువాత దారి మరల దిగి, మరల నెక్కి, రుంకురాకై, సయాక్‌మార్కా, ఫుయుపతమార్కా, వినాయ్ వైనా మొదలైన శిథిలములగుండ బోవును. నాలుగవదినమున దెల్లవాఱుజామున లేచి నడిచినవారు ‘ఇంతి పుంకు’ అను సూర్యద్వారమును జేరుదురు. మంచు విడిపోయినచో నచ్చటినుండి క్రింద మాచు పిచ్చు సంపూర్ణముగా గన్పట్టును.

ఇట్లు చేరినవారి యానందమును మేము తక్కువచేయము. రైలుబండిలో వచ్చినవానికి నగర మొక చిత్రపటము. నడిచి వచ్చినవానికి నది యొక సమాధానము. ఇంతయెత్తున నింతదూరమున నేల కట్టిరను ప్రశ్నను వాడు నాలుగు దినములు తన మోకాళ్ళతో నడిగియున్నాడు. తన శరీరము నెంతవఱకు నమ్మవచ్చునో, భయ మెచ్చట బుట్టి యెచ్చట నడగునో, తోడివానిమీది విసుగు నెట్లు మ్రింగవలెనో వానికి దెలిసినది. ఈ జ్ఞానము డబ్బిచ్చి కొనదగినది కాదు. ఒకరి బదులు మఱియొకరు సంపాదింపదగినదియు గాదు. శ్రమకు నీతిశాస్త్రమునం దొక గొప్ప స్థానము గలదను మాట నిజమే.

అయితే యిట్టి యాత్రనుండి మరలివచ్చినవారు పలుకు పలుకులలో నొకటి తఱచుగా వినవచ్చుచున్నది: “కొండను జయించితిమి.” ఈ మాట మనది కాదు. మన పెద్దలు కొండ యెక్కి వచ్చి “దర్శనమైనది” యనిరి గాని “జయించితిమి” యనలేదు. దర్శనమైనదను వాక్యమున గర్త దాగియున్నాడు. తనవలన నైనదనెడి గర్వ మందులేదు. కాని యీ వినయమును జూచుకొని మనము మురియుటకును వీలులేదు. తిరుమలకు 1944లో మోటారుబాట యేర్పడుటకు బూర్వము నడువలేనివారు డోలీలలో నెక్కుచుండిరి. కేదారనాథమునకు నేటికిని గొందఱు బుట్టలలో గూర్చుండి మనుష్యుల వీపులమీద బోవుచున్నారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830–31 సంవత్సరములలో గాశీయాత్ర చేసినప్పుడు పల్లకీ బోయీలును, బరివారమును వారివెంట నుండిరి. దర్శన మయ్యెను సరే, అది ఎవరి భుజములమీద నయ్యెను? కర్తను దాచు వాక్యము గర్వమునే కాక ఋణమును గూడ దాచగలదు. “జయించితిమి” అనునది బిగ్గఱగా దప్పు చెప్పుచున్నది, “అయినది” అనునది మెల్లగా నొప్పు చెప్పకున్నది. రెంటికిని భేద మంతమాత్రమే.

ఇక నా దారినే మఱియొకతూరి చూతము. ఆ మెట్లను గాపాడుటకై గుఱ్ఱములను, గంచరగాడిదలను దానిపై బోనీయరు. కావున గుడారములు, వంటపాత్రలు, బియ్యము, పప్పు, కూరగాయలు, పొయ్యి, బల్ల, కుర్చీలు మొదలుగా నాలుగు దినములకు గావలసినదంతయు మనుష్యుల వీపులమీదనే పోవలెను. వారు కుస్కో, ఉరుబంబా ప్రాంతపు గ్రామములనుండి వచ్చు క్వెచువా రైతులు. వారిలో బెక్కుమంది పొలముపని లేని దినములలో నీ పని చేయుదురు. ఇటీవల గొందఱు స్త్రీలును జేరుచున్నారు. ఒక్కదినమున నీ దారిని బ్రవేశింపదగిన వారి సంఖ్య 500 అని నియమము గలదు. అందు యాత్రికులు సుమారు రెండువందలమంది మాత్రమే. తక్కినవారు మోయువారును, వండువారును, దారి చూపువారును. అనగా నొక్కొక్క యాత్రికుని వెనుక నొకటికంటె నెక్కువ మనుష్యప్రాణము నడుచుచున్నదన్నమాట. వీరి దినచర్యను జూడుడు. యాత్రికులు ఫలాహారము చేసి బయలుదేఱిన తరువాత వీరు పాత్రలు కడిగి, గుడారములు విప్పి, మూట గట్టి వీపున నెత్తుకొందురు. యాత్రికులను దారిలో దాటిపోవుదురు. సాయంకాలము యాత్రికులు విడిదికి జేరునప్పటికి గుడారములు లేచియుండును, నీళ్ళు కాగియుండును. వెనుక బయలుదేఱి ముందు చేరినవా డెవడు? బరువెత్తుకొన్నవాడు. ముందు బయలుదేఱి వెనుక చేరి “జయించితి”ననువా డెవడు? చేతికఱ్ఱ పట్టుకొన్నవాడు!

పూర్వము వీరి మూటకు గట్టి మితి లేకుండెను. 2001లో బెరూ ప్రభుత్వము కూలీలనుగూర్చి యొక శాసనము చేసి బరువు 20 కిలోగ్రాములకు మించరాదని విధించినది. దారి మొదట గాటాపెట్టి తూచుచున్నారు. శాసనము చేయవలసి వచ్చినదనుటయే యంతకు బూర్వమున్న స్థితికి సాక్ష్యము. జంతువుల గిట్టలవలన ఱాళ్ళు చెడునని మనుష్యులు ముందు కనిపెట్టిరి, బరువువలన మనుష్యుల వెన్ను వంగునని దాని తరువాత గనిపెట్టిరి. ఈ వరుస యొక్క పెరూ దేశముననే యున్నదని తలపగూడదు.

ఇచ్చట మన భాషయం దొక సొగసైన యుపకరణము గలదు. చేయుట వేఱు, చేయించుట వేఱు. కట్టుట వేఱు, కట్టించుట వేఱు. ఒక్క ‘ఇంచు’ ప్రత్యయముచేత మన వ్యాకరణము సత్యమును గాపాడుచున్నది. మన శాసనములను జూచితిమా, రాజు గుడి కట్టెనని కాక కట్టించెననియు, జెఱువు త్రవ్వెనని కాక త్రవ్వించెననియు వ్రాయు మర్యాద గానవచ్చును. త్రవ్వించినవాని పేరు చెప్పుచునే, త్రవ్వినవారు వేఱుగా నున్నారని యా క్రియాపద మొప్పుకొనుచున్నది. పేరులు లేకపోయినను వారికి వాక్యములో జోటున్నది. కాని మాటలాడునప్పుడు మన మా రెండక్షరములను మ్రింగివేయుదుము. “ఈ మేడ మేము కట్టినాము” అందుము, “ఈ తోట మా తాత వేసినాడు” అందుము. ఇది వాడుక, దీనిలో దప్పేమని యడుగవచ్చును. వాడుకలో దప్పులేదు. ఆ వాడుకవలన మనస్సునం దేర్పడు లెక్కలో దప్పున్నది. ‘ఇంచు’ పోయినచోట మనుష్యులు పోయినారు. ఆ కొండదారిని నడిచినవాడు సత్యముగా జెప్పదలచినచో జెప్పవలసిన వాక్య మిది: “నేను నడిచితిని, నా బరువు మోయించితిని, నా యన్నము వండించితిని.” ఈ మూడు క్రియలలో మొదటిది వానిది. తక్కిన రెండు ఇతరులవి. అంతమాత్రముచే మొదటిదాని విలువ తగ్గదు. దాని హద్దు తెలియును.

మఱి యొక భేదము గలదు. యాత్రికుడు పడిన శ్రమ తాను కోరుకొన్నది. వలదనుకొన్ననాడు రైలుబండి యున్నది. ఇంటికి మరలిన తరువాత నా శ్రమ కథయగును. కూలివాడు పడిన శ్రమయు నా మెట్లమీదనే, యా గాలిలోనే, యంతకంటె నెక్కువ బరువుతోనే. కాని యది కథ కాదు. మఱునాడు మరల మొదటినుండి ప్రారంభమగు జీవనము. కోరి పడిన కష్టమును మనము సాహసమనుచున్నాము, కోరక పడిన కష్టమును గూలియనుచున్నాము. ఉపవాసమునకును, బస్తునకును గల భేద మిట్టిదే. కడుపు రెండుచోట్లను ఖాళీయే. ఒకచోట బుణ్యము పేరు, మఱియొకచోట దారిద్ర్యము పేరు. శ్రమయే మనుష్యుని బవిత్రునిజేయునది యైనచో, మొదట బవిత్రుడు కావలసినవాడు మూట మోసినవాడు. వానికా గౌరవ మీయకుండ మనకు మాత్రము దానిని గోరుకొనుట శ్రమను గౌరవించుట కాదు, మన వినోదమును గౌరవించుకొనుట.

ఈ నగరమును బయటి లోకము తెలిసికొన్న కథయు నిట్టి పంపకమే. అమెరికా దేశపు యేల్ విశ్వవిద్యాలయమున నుపాధ్యాయుడైన హైరం బింగ్‌హాము 1911 జూలై 24వ తేదీన నిచ్చటికి వచ్చెను. మెల్చోర్ ఆర్టియాగా అను నచ్చటి రైతునకు రోజుకూలిగా నొక ‘సోల్’ వెండి నాణె మిచ్చి దారి చూపుమని తీసికొనిపోయెను. నదిమీది దుంగల వంతెనను బింగ్‌హాము చేతులతోను మోకాళ్ళతోను బ్రాకి దాటెను. పైకి జేరునప్పటికి, ఎవ్వరు నెఱుగరనుకొన్న యా నగరపు మెట్లపొలములలో రెండు రైతుకుటుంబములు కాపురముండి పైరు పండించుకొనుచుండెను! వారు బింగ్‌హామునకు జల్లని నీళ్ళును, ఉడికించిన చిలగడదుంపలును బెట్టి సేదదీర్చిరి. శిథిలములను జూపుటకు వెంట బంపినది యొక చిన్న కుఱ్ఱవానిని. అంతేకాదు, అచ్చట నొక గోడమీద అగస్టిన్ లిజారాగా యను ప్రాంతీయుని పేరును, 1902 అను సంవత్సరమును వ్రాసియుండుట బింగ్‌హాము చూచి తన పుస్తకమున గుఱుతుపెట్టుకొనెను. ఆ వ్రాత తరువాత గోడనుండి పోయినది. లిజారాగా 1912లో నదిలో బడి మరణించెను. 1948లో దెఱచిన మోటారుబాటకు బెట్టిన పేరు బింగ్‌హాముది.

బింగ్‌హాము శ్రమ యబద్ధమని మేము చెప్పుట లేదు. అడవిని గొట్టించి, కొలతలు వేయించి, ఛాయాచిత్రములు దీసి, గ్రంథములు వ్రాసి, యా శిథిలములను బండితులు విచారింపదగినవానినిగా జేసినది యతడే. అది గొప్ప పని. కాని అది ‘కనుగొనుట’ కాదు. దారి చూపినవాడు, దుంపలు పెట్టినవాడు, ముందు నడిచిన కుఱ్ఱవాడు, పేరు వ్రాసికొన్నవాడు, వీరందఱు చూచినదానిని మఱియొకడు చూచినప్పుడు మాత్రమే లోకము ‘కనబడిన’దని యొప్పుకొన్నది. చూచుటకు గన్నులు చాలునుగాని, చూచినట్లు లెక్కకు వచ్చుటకు గన్నులు చాలవన్నమాట! అచ్చట ద్రవ్వి తీసిన వస్తువులు యేల్ విశ్వవిద్యాలయమునకు బోయినవి. ఎన్నో యేండ్ల వివాదము తరువాత 2011, 2012 సంవత్సరములలో నవి పెరూ దేశమునకు మరలి వచ్చినవి. వస్తువులు మరలివచ్చినట్లు పేరులు మరలివచ్చుట యంత సులభము కాదు.

ఇంకను వెనుకకు బోదము. నగరమును గట్టించినవాడు పచకూతి. మఱి కట్టినవా రెవరు? ఇంకా రాజ్యమున ప్రజలు పన్నుకు బదులుగా ‘మీతా’ యను పేర వంతులవారీగా బని చేయవలసియుండెను. శిథిలములవెంట నడుచువారికి గన్పట్టు గోడలు వారి పనిలో నొక భాగము మాత్రమే. గోడలక్రిందను, మెట్లపొలములక్రిందను, ఱాళ్ళును, గంకరయు బొరలుపొరలుగా నింపి, యేటేట గురియు భారీవర్షము నేలలోనికి దిగిపోవునట్లు చేసిరి. కొండవాలున బుట్టిన యూటనుండి సుమారు 750 మీటరుల కాలువ ద్రవ్వి 16 ధారలుగా నీరు దెచ్చిరి. కంటికి గానరాని యీ పనియే కంటికి గన్పట్టు నగరమును నిలువబెట్టినది. అచ్చట దొరకిన యస్థులు రాజులవి కావు. రాజవంశమును సేవించిన పరిచారకులవి. 2023లో బ్రకటింపబడిన పరిశోధనయందు 34 గురి యస్థులలోని వంశలక్షణములను బరీక్షింపగా, వారు రాజ్యమునందలి నానాప్రాంతములనుండియు, అమెజాను అడవి ప్రాంతములనుండియు దేబడినవారని తేలినది. రాజు ఋతువులో గొన్నిదినములు వచ్చి పోయెడివాడు. అచ్చటనే బ్రదికి యచ్చటనే మట్టియైనవారు వీరు. నగర మెవరిదని యడిగితిమేని, చరిత్ర రాజువైపును, మట్టి సేవకులవైపును జూపుచున్నది.

ఇందుకు గొంద ఱాక్షేపింతురు. “మోసినవానికి గూలి యిచ్చితిమి. ఋణము తీరినది. ఇక కీర్తిలో భాగ మేల?” యని మొదటి యాక్షేపము. కూలి తీర్చునది వాని కాలమును, వాని బలమును. సత్యమును గూలి కొనలేదు. ఒకడు చేసిన పనిని నేను చేసితినని చెప్పుకొనుహక్కు కూలిలో జేరలేదు. రూపాయ లిచ్చి మఱియొకనిచే బద్యములు వ్రాయించుకొని తన పేర నచ్చువేసికొన్నవానిని మనము కవియందుమా? పద్యమునకు జెప్పు న్యాయము బరువునకు నేల చెప్పరాదు? పైగా, కూలి చాలినంత యిచ్చితిమా యనునది వేఱు ప్రశ్న. పనిని తక్కువగా జూచువాడు కూలిని తక్కువగానే యిచ్చును. కీర్తిలోని యబద్ధము మెల్లమెల్లగా గూలిలోనికి దిగును.

“ఇంత విచారించినచో యాత్ర మానుటయే మేలు గదా” యని రెండవ యాక్షేపము. ఇది మేలు కాదు. ఆ గ్రామములవారికి వేఱు జీవనము చూపకుండ నున్నదానిని దీసివేయుట ధర్మము కాదు. మన మనస్సాక్షి శుభ్రముగా నుండుటకై యెదుటివాని పొయ్యి యార్పగూడదు. పోవలసినదే, మోయించుకొనవలసివచ్చినచో మోయించుకొనవలసినదే. కాని మితి తప్పని బరువును, దగిన కూలియు, రాత్రి తడవని పరుపును, వాని పేరును దెలిసికొని పోవలెను. వీటిలో జివరిదానికి ఖర్చు లేదు. అయినను గొఱత వచ్చునది తఱచుగా దానికే.

మూడవ యాక్షేపము సూక్ష్మమైనది. “ప్రతి పనియందును వేయిచేతు లున్నవి. చెప్పు కుట్టినవాడు, గోధుమ పండించినవాడు, దారి కట్టినవాడు, అందఱును గర్తలైనచో నెవ్వడును గర్త కాడు. అప్పు డెవనికిని బొగడ్త లేదు, ఉత్సాహము లేదు.” మేమట్లు తలపము. దీపమునుండి దీపము వెలిగించిన మొదటిదాని వెలుగు తగ్గునా? 1953 మే 29న ఎవరెస్టు శిఖరమును జేరిన టెన్సింగ్ నార్కే, ఎడ్మండు హిల్లరీలను నీలో ముందు పాదము మోపిన దెవరని లోకమంతయు బీడించినది. మేమిద్దఱము గలసి చేరితిమని వారు చాలకాలము చెప్పిరి. అంతమాత్రముచే వారి ఖ్యాతి సగమైనదా? ఒకరు ముందు, మఱియొకరు వెనుక యని తేలినను లోకము వారి నిద్దఱను గలిపియే స్మరించుచున్నది. అయితే వారివెంట మూడువందలకు మించిన కూలీలు మూటలు మోసిరను సంగతి యెందఱికి జ్ఞప్తియందున్నది? పంచిన గౌరవము తఱుగదు. పంచకుండ దాచినదే పులిసిపోవును.

చదువరులారా! ఇప్పుడు దూరపు కొండనుండి మన యింటివైపు తిరుగుదము. మనలో బెక్కుమంది ఆండీసు పర్వతములను జూడబోము. కాని ప్రతిగృహమునందు నొక కొండదారి యున్నది, దానిపై నొకరు మోయుచున్నారు, మఱియొకరు చేరుచున్నారు. కుమారుడు పరీక్షయందు గృతార్థుడైనాడని పత్రికలో బొమ్మ వేయింతుము. నాలుగేండ్లు తెల్లవాఱుజామున లేచి వానికి గాఫీ కాచి యిచ్చిన తల్లియు, వాని గది యూడ్చిన పనిమనిషియు నా బొమ్మలో నుండరు. ఆ పనిమనిషి కూతురు బడికి బోవుచున్నదో లేదో మన మడిగియుండము. ఇంటి కోడలు పది సంవత్సరములు నడిపిన సంసారమును జూపి యజమానుడు “నేను నిలబెట్టిన సంసారము” అనును. గృహప్రవేశమున బంధువులకు బట్టలు పెట్టుదుము. తాపీపని చేసినవారిని, మట్టితట్ట మోసిన స్త్రీలను ఆ దినమున లోపలికి బిలిచి పీటవేసి భోజనము పెట్టువా రెందఱు? పెట్టువారు లేకపోలేదు. వారి యిండ్లు చల్లగా నుండుగాక. కాని వారిని మనము వేళ్ళపై లెక్కింపగలుగుట మనకు గౌరవము కాదు.

ఈ విషయమున మేము పెద్ద యుద్యమమును గోరుట లేదు. కోరునది రెండక్షరముల సంస్కారము. పోగొట్టుకొన్న ‘ఇంచు’ను మన మాటలలోనికి మరల దెచ్చుకొందము. “కట్టించితిమి”, “మోయించితిమి”, “వండించితిమి” అని యుచ్చరించిననాడు, ఎవరిచేత నను ప్రశ్న తనంత దాను బుట్టును. ప్రశ్న పుట్టినచోట ముఖము గన్పట్టును. ముఖము గన్పట్టినచోట బేరు తెలిసికొనక తప్పదు. పేరు తెలిసినవాని మూట బరువును దూచకుండుట కష్టము. వాని కూలిని దగ్గించుట యంతకంటె గష్టము. శాసనములు చేయవలసినవి ప్రభుత్వములు చేయవలెను, చేయుచున్నవి. కాని తూనికకాటా దారి మొదట మాత్రమే యుండును. దారి పొడుగునను మనతో వచ్చునది మన నాలుకయే. మన పిల్లలు పెద్దలవద్ద మొదట నేర్చుకొనునవి నీతిపద్యములు కావు, మనము వాడు క్రియాపదములు. అన్నము పెట్టినవారెవరని యడిగినప్పుడు “అమ్మ” యని చెప్పు పసివాడు, పెరిగి పెద్దవాడై కొండ యెక్కినవా రెవరని యడిగినప్పుడు “మేము” అని చెప్పి, ఆ ‘మేము’లో నెవ్వరెవ్వ రున్నారో పేరు పేరున లెక్కచెప్పగలిగినచో, వానికి మనము నేర్పవలసిన నీతి నేర్పితిమని నమ్మవచ్చును.